కొల్లేటికోట: జాతరకి ఒక మొహం, మిగతా ఏడాదికి ఇంకో మొహం

ఐలాండ్ అనగానే మనకి మాల్దీవ్స్, బాలి రీల్సే గుర్తొస్తాయి. మా ఆకివీడు వాళ్లకి అంత దూరం అక్కర్లేదు. కొల్లేరు మధ్యలోనే కొల్లేటికోట ఉంది. ఫాల్గుణ మాసంలో పెద్దింట్లమ్మ జాతర మొదలైతే చుట్టుపక్కల జిల్లాల జనం అంతా అక్కడే. అమ్మవారి దగ్గరే పొయ్యి పెట్టి వేడి నైవేద్యం వండుతారు, చుట్టాలతో కలిసి భోజనాలు, తర్వాత నీళ్ల పక్కన ఫొటోలు. ఆదివారాలు కూడా రష్షే.

సాయంత్రానికి మనం బండెక్కి వచ్చేస్తాం. ఈ ఎపిసోడ్ అక్కడే ఉండిపోయే వాళ్ల గురించి.

ఈ నీళ్లకి పాత చరిత్ర ఉందండి. 634 నాటి ఐహోళె శాసనంలో రెండో పులకేశి కునాల సరస్సు దగ్గర చేసిన యుద్ధం ఉంది. ఆ కునాల మన కొల్లేరేనని చరిత్రకారులు చెబుతారు. తర్వాత గజపతుల కాలంలో ఈ లంక మీద కోట ఉండేదంటారు, ఊరి పేరులో కోట అదే. చుట్టూ నీళ్లే కాబట్టి వేరే కందకం ఎందుకు? ఒక కథ కూడా ఉంది. సరస్సు నీళ్లని సముద్రంలోకి వదిలేయడానికి ఒక సేనాని ఉప్పుటేరు తవ్వించి, అక్కడ తన కూతురినే బలిచ్చాడట. కథ నిజమో కాదో పక్కన పెట్టండి. నీళ్లు ఎవరి చేతిలో ఉంటే లంక వాళ్లదే అన్న సంగతి మాత్రం అందులో ఉంది. మన ఆకివీడు పక్కనుంచి పారేది ఆ ఉప్పుటేరే.

లంకల్లో ఎక్కువగా ఉండేది వడ్డీలు, తరతరాలుగా చేపల వేటే బతుకు. తాటి దోనెలు, మావులు, వలలు. కొరమీను, జెల్ల ఎవరికి దొరికితే వాళ్లవి, సరస్సుకి గట్లు లేవు కదా.

గట్లు తర్వాత వచ్చాయి. 1976లో ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలకి చేపల చెరువులు ఇచ్చింది. ఆలోచన మంచిదే. కానీ చెరువు తవ్వాలన్నా, మేత వేయాలన్నా పెట్టుబడి కావాలి, అది సంఘాల దగ్గర లేదు. దాంతో చెరువులు లీజుకి బయటి వాళ్ల చేతుల్లోకి పోయాయి. కాగితం మీద హక్కుదారు, గట్టు మీద కాపలా కూలీ, ఇద్దరూ ఒకే మనిషి! నాకైతే కొల్లేరు చరిత్రలో అన్నిటికన్నా చేదు విషయం ఇదే. బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో కలకత్తా దాకా వెళ్లాయి, డబ్బు చాలామటుకు లంక బయటే ఆగిపోయింది.

1999లో ఐదో కాంటూరు లోపల, అంటే సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత లోపల ఉన్న 308 చదరపు కిలోమీటర్లని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు. పొక్లెయిన్లు దిగి వేల ఎకరాల చెరువుల గట్లు కొట్టేశాయి. సరస్సుకి అది అవసరమే, నేను కాదనను. ఉప్పుటేరుకి నీళ్లు పోయే దారి మూసుకుపోతే మునిగేది మనమే. కానీ దెబ్బ అందరికీ ఒకేలా తగల్లేదు. లీజుదారుకి పెట్టుబడి పోయింది, వేరే చోట చెరువు వేసుకోగలడు. లంక వాడికి కూలీ పోయింది. పాత వేటకి వెళ్దామంటే గుర్రపు డెక్క, పైనుంచి వచ్చే కలుషిత నీళ్లు.

కాంటూరుని మూడుకి తగ్గించాలని 2008లో అసెంబ్లీ తీర్మానం చేసింది. అజీజ్ కమిటీ వద్దంది. ఆటపాకలో గూడబాతులకి అటవీ శాఖ ఇనుప స్టాండ్లు కట్టించింది, అవి గూళ్లు పెట్టుకున్నాయి, మనం బోటెక్కి చూస్తున్నాం. బాగుంటుంది, వెళ్లండి కూడా.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచింది గుర్తుందా? టీవీలో విజయవాడే చూశాం. ఆ నీళ్లు దిగేది కొల్లేరులోకే. కొన్ని రోజులకి ఏలూరు–కైకలూరు రోడ్డు మీదకి నీళ్లొచ్చాయి, లంక ఊళ్లకి రాకపోకలు ఆగాయి. ఇంటి చుట్టూ అన్ని నీళ్లున్నా, తాగడానికి మాత్రం టిన్ను కొనుక్కోవాలి. జాతర రోజుల్లో మనం కొనే వాటర్ బాటిల్ లాగే, కాకపోతే వాళ్లకి ఏడాదంతా.