ఒకే నగరం, బస్తీకో లెక్క: నవజాత శిశు మరణాల్లో తేడా ఎందుకు?

పుట్టిన తర్వాత 28 రోజులు నిండకముందే బిడ్డ చనిపోతే దాన్ని నవజాత శిశు మరణం అంటారు. మన ఇళ్లలో పాటించే 40 రోజుల చిల్లాలోనే ఈ గడువంతా వచ్చేస్తుంది. ప్రతి 1,000 జననాలకు ఎంతమంది ఇలా చనిపోయారన్నదే నవజాత శిశు మరణాల రేటు. 2030 నాటికి దీన్ని 12కు తగ్గించాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం.

సగటు చెప్పని సంగతి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో ఈ రేటు 24.9. గ్రామాల్లో 27.5, పట్టణాల్లో 18. పట్టణాల్లో పరిస్థితి మేలే అనిపిస్తుంది. కానీ ఆ 18లో బంజారాహిల్స్ ఉంది, పాతబస్తీ గల్లీలూ ఉన్నాయి. ఉదాహరణకు, ఒక ప్రాంతంలో వెయ్యికి 6, ఇంకో ప్రాంతంలో 30 మరణాలు జరిగితే సగటు 18 అవుతుంది. రెండో ప్రాంతం కష్టం కాగితం మీద కనపడదు. ఈ సర్వే బస్తీల వారీగా లెక్క ఇవ్వదు.

తేడా ఎక్కడ మొదలవుతుంది?

నెలలు నిండకుండా లేదా 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టడం, కాన్పు సమయంలో ఊపిరి అందకపోవడం, ఇన్ఫెక్షన్లు ముఖ్య కారణాలు. వీటి వెనక పేదరికం ఉంటుంది. తల్లికి రక్తహీనత, కాన్పుకీ కాన్పుకీ మధ్య రెండేళ్లయినా ఎడం లేకపోవడం, ఇరుకు గదులు, మురికి నీళ్లు. దానికి తోడు ఆలస్యం. వెళ్లాలా వద్దా అని తేల్చుకోవడంలో, దవాఖానాకు చేరడంలో, చేరాక వైద్యం అందడంలో. డబ్బున్న కుటుంబం దగ్గర్లోని ప్రైవేటు ఐసీయూకు వెళ్తుంది. లేని కుటుంబం బెడ్ కోసం తిరుగుతుంది.

నీలోఫర్ కథ

హైదరాబాద్‌లో ఈ సమస్య పాతదే. 1949లో ఏడో నిజాం కోడలు ప్రిన్సెస్ నీలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ అనే యువతి కాన్పులో చనిపోయింది. ఆ బాధతోనే ఆమె పూనుకోగా 1953లో నీలోఫర్ దవాఖానా ప్రారంభమైంది. పాతబస్తీలో పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి ఉంది. 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. అయితే మామూలు జ్వరాలకూ, పరీక్షలకూ పనికొచ్చే ఈ చిన్న కేంద్రాలు అర్ధరాత్రి ఊపిరాడని పసిబిడ్డను కాపాడలేవు.

ఉచితంగా అందేవి

2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రవాణా ఉచితం. జబ్బు చేసిన పసిబిడ్డకూ ఇది వర్తిస్తుంది. ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బిడ్డను చూడాలి. రాకపోతే అడగండి, అది మీ హక్కు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

పాలు తాగకపోవడం, ఒళ్లు కాలడం లేదా చల్లబడటం, ఫిట్స్, నిమిషానికి 60 సార్లు లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీయడం, ఛాతీ లోపలికి పోవడం, బొడ్డు చుట్టూ ఎర్రబడటం, మొదటి రోజే పచ్చకామెర్లు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. చిల్లా అయ్యేదాకా బయటికి తీసుకెళ్లకూడదని ఆగితే ప్రాణం మీదికొస్తుంది. పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలి. తేనె, ఘుట్టీ వద్దు. బరువు తక్కువ బిడ్డను తల్లి ఛాతీకి హత్తుకుని వెచ్చగా ఉంచాలి.

ఈ జాగ్రత్తలు కుటుంబాల పని. ఏ బస్తీలో ఎంతమంది పసిబిడ్డలు పోతున్నారో లెక్కతీసి, బెడ్లు, నర్సులు అక్కడికి పంపడం మాత్రం ప్రభుత్వం పని.