సెలవు, హుకుం, టికెట్టు

2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడి, ఇప్పుడు శ్రీ విజయపురం అనే పేరు వహించిన నగరంలో షాదీపూర్ అనే పేట కలదు. పేరులోనే పెండ్లి ఉన్నది. శిక్ష అనుభవిస్తూ వివాహమాడి సంసారం పెట్టుకొన్న ఖైదీలు అక్కడ నివసించినందున ఆ పేరు వచ్చినదని చెప్పుకొంటారు. ఆ పెండ్లిండ్లకు ముహూర్తం నిర్ణయించినవాడు పురోహితుడు కాడు, కాజీ కాడు, సర్కారు. ఉత్తరువు లేనిదే అక్కడ వరుడు లేడు, వధువు లేదు. రాజాజ్ఞను తెలిపే మాటల చరిత్రను పరిశీలించదలచినవారికి ఇంతకంటే తగిన చోటు దొరకడం కష్టం.

తెలుగుదేశంలో ఆజ్ఞను తెలిపే మాటలు పొరలు పొరలుగా ఏర్పడినవి. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో దానాన్ని అమలు జరిపే అధికారికి ఆజ్ఞప్తి అని పేరు. ఆన, ఆనతి, శాసనం ఆ కాలపు సంపద. తరువాత మహమ్మదీయ ప్రభువుల కచేరీల ద్వారా హుకుం, ఫర్మానా, పరవానా, తాకీదు, సనదు వచ్చినవి. కుంపిణీ దొరలు పాలనకు పూనుకొన్నప్పుడు ముందుగా తామే ఈ మాటలను నేర్చుకొనవలసి వచ్చినది. సి. పి. బ్రౌను 1852లో జిల్లా నిఘంటువును, 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించినది ఇందుకే. 1855లో విల్సను పండితుడు న్యాయ, రెవిన్యూ పదాల కోశాన్ని వెలువరించినాడు. పాలితుల మాటలు తెలియనిదే పాలన సాగదని వారు గ్రహించినారు. క్రమంగా పరిస్థితి తలక్రిందులైనది. ఆర్డరు, నోటీసు, సమను, వారంటు మొదలైనవి రైతు నోటికెక్కినవి.

ఇంగ్లీషులో ఈ మాటలన్నీ ఒకటి కావు. కమాండు ప్రధానంగా సైన్యానికి చెందినది. ఆర్డరు కచేరీకీ న్యాయస్థానానికీ చెందినది. సమనుకూ వారంటుకూ ఉన్న భేదం మరింత గమనింపదగినది. సమను ఎవరు హాజరు కావలెనో వారినే ఉద్దేశించి వ్రాయబడుతుంది. వారంటు పట్టుకొనే అధికారినో, బంధించే జెయిలరునో ఉద్దేశించి వ్రాయబడుతుంది. అది మనిషిని గూర్చి మాట్లాడుతుంది గాని మనిషితో మాట్లాడదు. అండమానుకు ఓడ ఎక్కిన ప్రతి ఖైదీ వెనుకా అటువంటి కాగితం ఒకటి నడిచినది.

1858 మార్చి 10వ తేదీన డాక్టరు జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో అక్కడ దిగినాడు. 1860లో వెలసిన భారత శిక్షాస్మృతి ఈ దండనకు ట్రాన్స్‌పోర్టేషన్ అని పేరు పెట్టినది. తెలుగువారు దానిని ద్వీపాంతరవాసం అన్నారు. హిందుస్తానీ మాట్లాడేవారు కాలాపానీ అన్నారు. శిక్ష ఒక్కటే, చూపులు మూడు. ఇంగ్లీషు మాట మోసుకొనిపోవడాన్ని చూచినది. తెలుగు మాట చేరే చోటును చూచినది. హిందుస్తానీ మాట దాటవలసిన నల్లని నీటిని చూచినది. ఆజ్ఞ ఇచ్చేవానికి అది రవాణా. ఆజ్ఞకు లోబడేవానికి సముద్రం.

ద్వీపంలో వ్రాత ఇంగ్లీషులోను, మాట హిందుస్తానీలోను సాగినది. అనేక ప్రాంతాలనుండి వచ్చిన ఖైదీలకు ఉమ్మడిభాష అదే అయినది. ఖైదీలపై పెత్తనం చేయడానికి ఖైదీలలో నుండే పెటీ ఆఫీసర్లను, టిండాళ్ళను, జమాదారులను నియమించేవారు. ఈ టిండాల్ అనే మాట ఓడ సరంగుల వాడుకనుండి వచ్చినది. శ్రీకాకుళం తీరపు జాలరులు పడవ పెద్దను తండేలు అంటారే, అది దీనికి చుట్టమే. పడవలో తండేలు మాట తోటివారి ప్రాణరక్షణకు. బారకాసులో టిండాల్ మాట తోటివారి శ్రమను పిండడానికి. ఒకే పదం చేతులు మారినప్పుడు దాని బరువు ఎంత మారుతుందో దీనివల్ల తెలుస్తుంది.

అన్నిటికంటే విచిత్రమైనది టికెట్టు కథ. ఖైదీ మెడలో కొయ్యబిళ్ళ ఒకటి వ్రేలాడేది. దానిపై అతని సంఖ్య, నేరపు సెక్షను, శిక్ష పడిన తేదీ, విడుదల కావలసిన తేదీ ఉండేవి. దానిపేరు టికెట్టు. 20వ శతాబ్ది ఆరంభంనాటి నియమాల ప్రకారం పది సంవత్సరాలు కట్టుబాట్లకు లోబడి గడిపిన ఖైదీకి లభించే అనుమతి పేరు కూడా టికెట్టే. దానిని పొందినవాడు బారకాసు విడిచి సేద్యం చేసుకొనవచ్చును, పశువులను పెంచుకొనవచ్చును, పెండ్లి చేసుకొనవచ్చును, లేదా స్వదేశంనుండి కుటుంబాన్ని రప్పించుకొనవచ్చును. కాని అతనికి పౌరహక్కులు లేవు, ద్వీపం విడిచిపోరాదు, పని మాని కూర్చుండరాదు. మొదటి టికెట్టు మెడలో వ్రేలాడినది. రెండవది కాలికి కనిపించని త్రాడు.

స్త్రీల విషయంలోను అంతే. ఐదు సంవత్సరాలు గడచిన పిమ్మట వివాహార్హత కలిగేది. పెండ్లి చేసుకొన్న స్త్రీ పదిహేను సంవత్సరాలకు భర్తతోకూడ వెళ్ళిపోవచ్చును. అయితే దంపతులలో ఒకరి గడువు ముందుగా తీరినా రెండవవారి గడువు తీరేవరకు ఆగవలెను. ఇద్దరూ కలిసియే కదలవలెను. సప్తపదిలో లేని నియమాన్ని సర్కారు చేర్చినది. షాదీపూర్ వంటి పేటలలో కాపురమంటే రెండు శిక్షలు ఒక కప్పు క్రిందికి రావడమే.

ఇంగ్లీషులో ఆ రెండవ టికెట్టును టికెట్ ఆఫ్ లీవ్ అన్నారు. లీవు అంటే అనుమతి, ఎడబాటు కూడా. తెలుగులోని సెలవు కూడ ఇట్టిదే. పెద్దలు మాట్లాడితే సెలవిచ్చినారంటాము. అనుమతి కోరితే సెలవు వేడుతాము. విడిపోతే సెలవు తీసుకొంటాము. ఉత్తరువు అనే మాటకును ఆజ్ఞ, అనుజ్ఞ అనే రెండర్థాలు ఉన్నవి. అనుమతించగలవాడే ఆజ్ఞాపించగలవాడని, అనుమతి కూడ ఒక విధమైన ఆజ్ఞయేనని మన పూర్వులు ఈ మాటలను వాడుతూ వాడుతూ తేల్చినారు. షాదీపూర్‌లో కాపురం పెట్టిన దంపతులకు ఆ సత్యం నిఘంటువు చూడకుండానే తెలిసినది.

1942 మార్చిలో జపాను సైన్యం ద్వీపాలను ఆక్రమించినది. ఆజ్ఞల భాష మరొకసారి మారినది. 1945లో బ్రిటిషువారు తిరిగివచ్చిన పిదప ఖైదీల వలస రద్దయినది. 1956 జనవరి 1నుండి శిక్షాస్మృతిలో ట్రాన్స్‌పోర్టేషన్ స్థానాన్ని యావజ్జీవ కారాగారవాసం ఆక్రమించినది. 2024 జూలై 1న ఆ స్మృతియే తొలగి, భారతీయ న్యాయసంహిత అమలులోకి వచ్చినది. ఇటు ఆంధ్రప్రదేశ్‌లో 1966లో అధికారభాషా చట్టం వెలసినది. 1974లో అధికార భాషా సంఘం వావిలాల గోపాలకృష్ణయ్యగారి అధ్యక్షతన ఏర్పడినది. ఉత్తరువు మరల కచేరీలోనికి వచ్చినది. అయినా జీ.వో. అనే రెండక్షరాలు తెలుగువాని నాలుకను విడువలేదు. పరాయిమాట కావడం పెద్ద దోషం కాదు; హుకుం కూడ ఒకనాటి పరాయిమాటయే. ఆజ్ఞకు లోబడవలసినవానికి ఆ మాట అర్థమగునా, అది అతనితో మాట్లాడునా అనునదే ప్రశ్న.

2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాలలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వారి చుట్టూ ఆబర్డీన్, హాడో వంటి ఇంగ్లీషు పేర్ల నడుమ షాదీపూర్ అనే హిందుస్తానీ పేరు నిలిచి ఉన్నది. కొయ్యబిళ్ళలు పోయినవి, టికెట్లు పోయినవి, వాటిని వ్రాసిన అధికారులూ పోయినారు. సర్కారు పుస్తకాలలో అది ఒక అనుమతి. అక్కడ కాపురం చేసినవారికి అది పెండ్లి. మిగిలినది రెండవ మాటయే.