ఫజీ నియమాలు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

'ఎండ బాగా ఉంటే కూలర్ ఫుల్లుగా పెట్టు' అని ఇంట్లో అంటే, ఎన్ని డిగ్రీలని ఎవరూ అడగరు. కంప్యూటర్‌కి మాత్రం 'బాగా' అంటే తెలీదు. అలాంటి మాటలకి సున్నా నుంచి ఒకటి దాకా మార్కులేసే పద్ధతే ఫజీ లాజిక్. బాకూలో పుట్టి, అమెరికాలోని బర్కిలీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన లోత్ఫీ జాదే 1965లో దీనికి పునాది వేశారు. 1970ల్లో లండన్‌లో ఇబ్రహీం మమ్దానీ ఇలాంటి 'ఉంటే–అప్పుడు' నియమాలతో చిన్న ఆవిరి ఇంజన్‌ని నడిపించి చూపారు.

అవి మనుషులు రాసిన నియమాలు. ఇప్పుడు డేటా నుంచే నియమాలు తీస్తున్నారు, చిక్కంతా అక్కడే. 1936లో ఫిషర్ ప్రచురించిన ఐరిస్ పూల పట్టికలో మూడు రకాల పూలు 150 ఉన్నాయి. ఒక్కో పువ్వుకి నాలుగు కొలతలు. ఒక్కో కొలతని చిన్న, మధ్యస్థం, పెద్ద అని విడగొడితే 81 నియమాలు తయారవుతాయి. కొలతలు పదైతే 59,049! ఇన్ని ఎవరు చదవాలి?

నిజానికి ఐరిస్‌కి మూడు నియమాలు దాదాపు చాలు: రేకు చిన్నదైతే సెటోసా, మధ్యస్థమైతే వెర్సికలర్, పెద్దదైతే వర్జినికా. చివరి రెండు రకాల మధ్య కొన్ని పూల దగ్గరే తికమక.

'రేకు చిన్నదై, రక్షకపత్రం వెడల్పుగా ఉంటే సెటోసా' అనే నియమం దండగ. రెండు షరతులుంటే తక్కువ మార్కే నియమానికి మార్కు. అంటే పొడుగు నియమం పొట్టిదాన్ని ఎప్పుడూ దాటలేదు. మిగతావాటిని ఒక్కొక్కటిగా తీసి, తప్పులు పెరక్కపోతే వదిలేస్తారు. అయితే ఏది ముందు తీశారన్న దాన్నిబట్టి మిగిలేవి మారతాయి. ఇంకేమీ తీయలేని జాబితా దొరుకుతుంది గానీ, అదే అన్నింటికన్నా చిన్నదని చెప్పలేం. అన్నీ చూద్దామంటే, 81 నియమాల్లో ఉంచేవి, తీసేవి ఎంచుకునే దారుల లెక్కే 25 అంకెల సంఖ్య. అందుకే జపాన్‌లో ఇషిబుచి, ఆయన సహచరులు 1995లో దీనికి జెనెటిక్ అల్గారిథమ్‌లు వాడారు.

పూల దగ్గర పొరపాటైతే పోయేదేం లేదు. ఆస్పత్రి డేటా అలా కాదు. వెయ్యిమంది రోగుల్లో ఐదుగురికే ఒక అరుదైన జబ్బు ఉందనుకుందాం. దాన్ని పట్టే నియమం తీసేసినా మొత్తం తప్పులు అర శాతమే పెరుగుతాయి, కంప్యూటర్‌కి అది లెక్కే కాదు. ఆ ఐదు కుటుంబాలకి మాత్రం అదే నియమం కావాలి. కాబట్టి కోత పెట్టేముందు మొత్తం మార్కు ఒక్కటే చూస్తే చాలదు, ఒక్కో జబ్బుకి విడివిడిగా తప్పులు లెక్కపెట్టాలి.