రామగుండం బొగ్గు ప్రాంతంలో స్వచ్ఛంద సంఘాలకు నిధులు: చరిత్ర

గోదావరిఖని, రామగుండం, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ, వాటి చుట్టుపక్కల పల్లెల్లో పనిచేసే మహిళా సంఘాలు, యువజన సంఘాలు, గ్రంథాలయాలు, వృద్ధాశ్రమాలు, దివ్యాంగుల సంస్థలు, బస్తీ కమిటీలు తమ పనులకు ఆర్థిక సాయం పొందుతున్న మార్గాల చరిత్ర ఇది. ఈ ప్రాంతం నేటి పెద్దపల్లి జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11కు ముందు కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇక్కడ సేవాకార్యక్రమాలకు అందే డబ్బులో పెద్ద భాగానికి మూలం బొగ్గే. ఒకప్పుడు టన్ను మీద విధించిన సెస్సుగా, తర్వాత కంపెనీ ఇచ్చే విరాళంగా, ఇప్పుడు రాయల్టీలో వాటాగా, లాభాల్లో రెండు శాతంగా అది వస్తోంది. చట్టం మారినప్పుడల్లా ఆ డబ్బు అడగాల్సిన చోటు మారింది, అడిగే పద్ధతి మారింది. పెద్ద సంస్థలు ఆ మార్పులను తట్టుకున్నాయి. పదిమంది కలిసి పెట్టుకున్న చిన్న సంఘాలే ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది.

గుర్తింపుకు ముందు, చందాల కాలం

1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ రోజుల్లో కార్మికులకు ఏ సదుపాయం కలిగినా అది కంపెనీ దయ కింద లెక్క. సంఘంగా చేరి నిధులు అడగడమన్నది నిజాం రాజ్యంలో అంత సులువు కాదు. 1929 నాటి గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు సభలకు, సమావేశాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. తెలంగాణలో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలు ఊరూరా వెలసిన గ్రంథాలయాల వరకు చందాల మీద, కొందరు దాతల ఔదార్యం మీద నడిచాయి.

సంఘాలకు చట్టబద్ధమైన గుర్తింపునిచ్చే శాసనం ఫసలీ 1350లో, అంటే 1940-41 ప్రాంతంలో వచ్చింది. తెలంగాణలో స్వచ్ఛంద సంఘాలు ఆరు దశాబ్దాలపాటు దానికిందే రిజిస్టరయ్యాయి. పాత సంఘాల సర్టిఫికెట్ల మీద ఈ ఫసలీ సంవత్సరం ఇప్పటికీ కనిపిస్తుంది. దాని స్థానంలో 2001లో ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. కనీసం ఏడుగురు సభ్యులుండాలన్న నియమం అందులో ఉంది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ ఈ చట్టాన్నే కొనసాగించింది.

టన్నుకింత చొప్పున

బొగ్గు గనుల్లో సంక్షేమానికి ప్రత్యేకంగా నిధి ఉండాలన్న ఆలోచన రెండో ప్రపంచయుద్ధ కాలానిది. యుద్ధానికి బొగ్గు కావాలి, బాయి (గని) దిగే మనిషి నిలవాలి. 1944లో ఆర్డినెన్సుగా, 1947లో చట్టంగా వచ్చిన బొగ్గు గనుల కార్మిక సంక్షేమ నిధి, గని నుంచి వెళ్లే బొగ్గు మీద సెస్సు వసూలు చేసి ఇళ్లకు, ఆసుపత్రులకు, నీటికి, చదువుకు ఖర్చుపెట్టింది. 1986లో ఆ చట్టం రద్దయింది. దాని ప్రాముఖ్యం నిధి పరిమాణంలో లేదు. తవ్విన ప్రతి టన్నులో అక్కడి మనిషికి వాటా ఉందని మొదటిసారి చట్టం ఒప్పుకుంది. అయితే ఆ వాటా కార్మికుడికే పరిమితం. గని పక్కన ఊళ్లో భూమి పోగొట్టుకున్న రైతుకు అందులో చోటు లేదు. తర్వాతి 70 ఏళ్ల చరిత్రంతా ఈ లోటు చుట్టూనే తిరిగింది.

గోదావరి ఒడ్డున రామగుండం గనులు తెరుచుకున్నది 1960 ప్రాంతంలో. అదే సమయంలో సింగరేణి కంపెనీ రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల ఉమ్మడి సంస్థగా మారింది. రాష్ట్రానిది 51 శాతం, కేంద్రానిది 49 శాతం. అప్పటికే ప్రభుత్వ సంస్థ కావడంతో 1971-73 నాటి బొగ్గు గనుల జాతీయీకరణ దీన్ని తాకలేదు, ఇది కోల్ ఇండియాలో చేరలేదు. నిధుల చరిత్రకు ఈ సంగతి కీలకం. ధన్‌బాద్‌లోనో, కోర్బాలోనో నిధుల మాట ఢిల్లీ వైపు చూస్తుంది. ఇక్కడ అది హైదరాబాద్ వైపు, స్థానిక ఎమ్మెల్యే వైపు చూస్తుంది.

కేంద్ర గ్రాంట్లు, విదేశీ విరాళాలు

స్వతంత్ర భారతంలో చిన్న సంఘాలకు ప్రభుత్వ గ్రాంటు అన్న పద్ధతికి రూపమిచ్చింది ఒక తెలుగు మహిళ. రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిర్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. మండలి తానే బడులు, ఆశ్రమాలు నడపకుండా, నడుపుతున్న సంఘాలకు సాయం చేసింది. చందాలు పోగుచేయడంలో ఉన్న కష్టం ఆమెకు స్వయంగా తెలుసు.

1986లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ కపార్ట్ గ్రామీణ స్వచ్ఛంద సంస్థలకు ప్రాజెక్టుల వారీగా డబ్బిచ్చింది. తర్వాత అది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థలో కలిసిపోయింది.

విదేశీ విరాళాలను 1976 నాటి చట్టం, దాని స్థానంలో వచ్చిన 2010 చట్టం నియంత్రిస్తూ వచ్చాయి. చిన్న సంఘాలకు గట్టి దెబ్బ 2020 సెప్టెంబరు సవరణతో తగిలింది. అంతకుముందు నగరంలో ఉన్న పెద్ద సంస్థ విదేశీ నిధి తెచ్చి, లెక్కలు తాను చూసుకుంటూ, పల్లెల్లోని చిన్న సంఘాలకు పంచేది. ఒక సంస్థ పొందిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని ఆ సవరణ పూర్తిగా నిషేధించింది. పరిపాలన ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించింది. ఢిల్లీలో ఒకే ఒక్క బ్యాంకు శాఖలో ఖాతా తెరవాలంది. నిఘా అవసరమని వాదించవచ్చు. కానీ ఇంగ్లిషులో ప్రాజెక్టు రిపోర్టు రాయగల మనిషి లేని సంఘానికి పెద్ద సంస్థ నీడ ఒక్కటే ఆధారం, అదీ పోయింది.

కంపెనీ సొంత దారులు

1990లలో సింగరేణి నష్టాల్లో కూరుకుపోయి రెండుసార్లు, 1992లోనూ 1996లోనూ, ఖాయిలా పరిశ్రమల మండలి బీఐఎఫ్ఆర్ ముందుకు వెళ్లింది. లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య క్రమంగా తగ్గుతూ ఇటీవలి కాలానికి 40 వేల స్థాయికి చేరింది. బాయిపని తండ్రి తర్వాత కొడుక్కి వస్తుందన్న నమ్మకం సడలిన కాలం అది. కార్మిక కుటుంబాల ఆడవాళ్లకు, చదివి ఖాళీగా ఉన్న పిల్లలకు ఏదో ఒక పని నేర్పాలన్న అవసరం అప్పుడే ముందుకొచ్చింది. సింగరేణి సేవా సమితి పేరుతో నడిచే శిక్షణలు ఈ అవసరానికి జవాబు. కుట్టుపని, మగ్గం పని, బ్యూటీషియన్ కోర్సు, సైన్యంలో చేరదలచిన యువకులకు ముందస్తు శిక్షణ అందులో భాగం. ఉద్యోగుల భార్యల సంఘం ‘సేవ’ కూడా కంపెనీ అండతో పనిచేసింది.

గనుల చుట్టుపక్కల గ్రామాల కోసం కంపెనీ షేప్ పేరుతో మరో పద్దు పెట్టింది. రోడ్డు, మోరీ, కమ్యూనిటీ హాలు, బడిగది వంటి పనులకు వాడిన ఈ డబ్బుతో గని సాయం మొదటిసారి కాలనీ గోడ దాటి ఊళ్లోకి వచ్చింది. అయితే ఇది కట్టడాల నిధి. వృద్ధాశ్రమంలో వంటమనిషి జీతం, దివ్యాంగ పిల్లల కేంద్రంలో టీచరు జీతం ఇందులోంచి రావడం కష్టం. సంఘాన్ని నిలబెట్టేది ఆ నెలజీతాలే.

ఈ ప్రాంతంలో పెద్ద పరిశ్రమ సింగరేణి ఒక్కటే కాదు. 1978లో శంకుస్థాపన జరిగి 1983లో విద్యుదుత్పత్తి మొదలుపెట్టిన ఎన్టీపీసీ రామగుండం కేంద్రానికి తన ప్రభావిత గ్రామాల కోసం వేరే నిధులున్నాయి. బాలికల సాధికారత శిబిరాలు వాటిలో పేరుపొందినవి. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది, ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో తిరిగి నడుస్తోంది. ఒకే సంఘం మూడు పరిశ్రమల గేట్ల దగ్గరికి మూడు దరఖాస్తులతో వెళ్లగలగడం తెలంగాణలో చాలా ఊళ్లకు లేని అవకాశం.

జిల్లా ఖనిజ నిధి

కార్మిక సంక్షేమ సెస్సు వదిలేసిన లోటును పూడ్చడానికి పార్లమెంటు 2015లో గనులు, ఖనిజాల చట్టాన్ని సవరించింది. తవ్వకం వల్ల నష్టపోయిన మనుషుల కోసం, ప్రాంతాల కోసం ప్రతి గని జిల్లాలో ఒక ట్రస్టు ఏర్పడాలి. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతం, తర్వాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం ఆ ట్రస్టుకు కట్టాలి. బొగ్గు మీద రాయల్టీ ధరలో 14 శాతం. టన్ను ధర 3,000 రూపాయలనుకుంటే రాయల్టీ 420 రూపాయలు, పాత లీజు గని నుంచి ట్రస్టుకు చేరేది 126 రూపాయలు. లక్షల టన్నుల మీద ఇది ఎంతవుతుందో సులభంగానే ఊహించవచ్చు.

నిధి ఖర్చుకు 2015 సెప్టెంబరులో ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ్ యోజన మార్గదర్శకాలు వచ్చాయి. తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం, మహిళలు, పిల్లలు, వృద్ధులు, దివ్యాంగులు, నైపుణ్య శిక్షణ, పారిశుద్ధ్యం వంటి వాటికి కనీసం 60 శాతం ఖర్చుపెట్టాలన్నారు. 2024 జనవరిలో సవరించిన మార్గదర్శకాలు దాన్ని 70 శాతానికి పెంచాయి, గని నుంచి 15 కిలోమీటర్ల లోపు ప్రాంతాన్ని నేరుగా నష్టపోయిన ప్రాంతంగా లెక్కించాయి. చూడగానే ఇది స్వచ్ఛంద సంఘాల పని జాబితాలాగే ఉంటుంది. ఆచరణలో మాత్రం డబ్బు సాధారణంగా ప్రభుత్వ శాఖల ద్వారా పనులుగా మారుతుంది, సంఘం చేతికి గ్రాంటుగా రాదు. ఇక్కడ సంఘానికి మిగిలిన దారి గ్రామసభలో, వార్డులో ప్రతిపాదన పెట్టించడం, అది జిల్లా ప్రణాళికలో చేరేదాకా వెంటబడటం. దీన్ని చిన్న విషయంగా చూడకూడదు. ఓపెన్‌కాస్ట్ దుమ్ముతో దగ్గే ఊరికి ఆరోగ్య కేంద్రం తెప్పించగలిగిన సంఘం, తన ఖాతాలో రూపాయి పడకపోయినా, నిధి సాధించినట్టే.

రెండు శాతం చట్టం

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవరు, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు (సీఎస్ఆర్) ఖర్చుపెట్టాలి. అంతవరకూ కంపెనీ ఇష్టంగా ఉన్న సాయం దాంతో కంపెనీ బాధ్యతగా మారింది. టర్నోవరు 30 వేల కోట్లు దాటిన సింగరేణికి ఇది వర్తిస్తుంది. డబ్బు గురించి చిన్న సంఘం మాట్లాడేది ఏరియా జీఎం ఆఫీసులోనే అయినా, నిర్ణయం సీఎస్ఆర్ కమిటీ సిఫార్సు మీద బోర్డుది.

2021లో సవరించిన నియమాల్లో మూడు సంగతులు ఇక్కడి సంఘాలకు ముఖ్యం. మొదటిది, సొంత ఉద్యోగులకు మేలు చేసే పని సామాజిక బాధ్యత ఖర్చు కిందికి రాదు. కాబట్టి కాలనీ క్వార్టర్ల కోసం అడిగే సంఘం కన్నా బస్తీల్లో, నిర్వాసిత గ్రామాల్లో పనిచేసే సంఘం దరఖాస్తు బలంగా ఉంటుంది. రెండోది, కంపెనీ తరఫున పనిచేసే సంస్థ 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి. మూడోది చాలామంది పొరబడేది. పరిపాలన ఖర్చు ఐదు శాతం దాటకూడదన్న పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చుకు సంబంధించింది. ప్రాజెక్టులో పాఠం చెప్పే టీచరు జీతం అందులోకి రాదు. ఆ జీతాన్ని బడ్జెట్‌లో ధైర్యంగా చూపవచ్చు. ఒకటి కన్నా ఎక్కువ ఏళ్లు సాగే ప్రాజెక్టులనూ నియమాలు ఒప్పుకుంటాయి. ఏటా మార్చిలో ఆగిపోయి జూన్‌లో మళ్లీ బతిమాలుకునే పరిస్థితికి అది కొంత విరుగుడు.

పొదుపు సంఘాలు, ఎంపీ నిధులు

గోదావరిఖని రామగుండం నగరపాలక సంస్థలో భాగం కాబట్టి ఇక్కడి మహిళా సంఘాలు 2007లో ఏర్పడిన పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కిందికి వస్తాయి. జాతీయ పట్టణ జీవనోపాధుల పథకం సంఘానికి 10 వేలు, ప్రాంత సమాఖ్యకు 50 వేల రూపాయల రివాల్వింగ్ ఫండు ఇచ్చింది. ఎంపీ నియోజకవర్గ నిధులు 1993లో మొదలయ్యాయి, 2011లో ఏటా 5 కోట్లకు పెరిగాయి. వాటిలోంచి సొసైటీకి, ట్రస్టుకు సాయం అందాలంటే ఆ సంస్థకు కనీసం మూడేళ్ల వయసుండాలి.

కాగితాలు

మూడేళ్ల నిబంధన ఒక్క ఎంపీ నిధులకే కాదు, రకరకాల రూపాల్లో చాలాచోట్ల ఎదురవుతుంది. అందుకే ఈ ప్రాంతంలో నిధులు సాధించిన సంఘాలు సాధారణంగా డబ్బు అవసరం పడకముందే కాగితాలు సిద్ధం చేసుకున్నవి. సొసైటీ రిజిస్ట్రేషన్, పాన్, సంఘం పేరున బ్యాంకు ఖాతా, ఏటా ఆడిట్, ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) గుర్తింపులు, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ నంబరు. వచ్చిన ప్రభుత్వ గ్రాంటుకు యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు ఇవ్వాలి. ఒక్క యూసీ ఆగితే తర్వాతి విడత ఆగుతుంది.

12ఏ, 80జీ గుర్తింపులు ఒకప్పుడు దాదాపు శాశ్వతం. 2020 ఆర్థిక చట్టం వాటిని ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలని మార్చింది, 80జీ ఉన్న సంస్థ దాతల వివరాలను ఏటా మే 31లోపు 10బీడీ ఫారంలో ఇవ్వాలంది. 2025 ఆర్థిక చట్టం చిన్న సంస్థలకు కొంత ఊరట ఇచ్చింది. అంతకుముందు రెండేళ్లలో ఏటా ఆదాయం 5 కోట్లు దాటని సంస్థల 12ఏ గుర్తింపు ఇకమీదట పదేళ్లు చెల్లుతుంది. 80జీకి మాత్రం ఐదేళ్ల గడువే ఉంది. కాబట్టి రెండు పునరుద్ధరణల తేదీలను సంఘం వేర్వేరుగా గుర్తుపెట్టుకోవాల్సి ఉంటుంది.