జీర్ణరసములు - వాని స్రావనియమనము

లాలాజలము, జఠరరసము, క్లోమరసము, పైత్యరసము, ఆంత్రరసము అనునవి మానవుని జీర్ణమార్గమున స్రవించు ప్రధానరసములు. భుక్తమైన అన్నము జఠరాగ్నిచే పక్వమగునని ఆయుర్వేదాచార్యులును, దేహోష్ణముచే ఉడుకునని గ్రీకువైద్యుడగు గేలెనును చెప్పిరి. తరువాతి పదునైదు శతాబ్దులలో ఈ విషయమున జరిగిన పరిశ్రమ స్వల్పము.

1752లో ఫ్రెంచి పండితుడు రెయోమ్యూరు లోహపుగొట్టములలో మాంసము నుంచి గ్రద్దచే మ్రింగించి, అది కక్కిన పిమ్మట లోని మాంసము కరగియుండుటను గాంచి, జీర్ణక్రియ కేవలము నలుగగొట్టుట కాదని నిరూపించెను. ఇటలీ దేశీయుడగు స్పల్లంజానీ గుడ్డసంచులలో ఆహారమును కుట్టి తానే మ్రింగి చూచెను. జఠరరసమందలి ఆమ్లము హైడ్రోక్లోరికామ్లమని 1824లో ప్రౌటు తెలుపగా, 1836లో ష్వాను అందలి పెప్సిను అను జీర్ణకారకమును కనుగొనెను.

ఈ నడుమ 1822 జూన్ 6వ తేదీన, మిషిగన్ ప్రాంతమందలి మెకినా దీవిలో, బొచ్చుతోళ్ల వర్తకుల దుకాణమున తుపాకి ప్రమాదవశమున ప్రేలుటచే అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను కెనడా యువకుని ఎడమప్రక్క చీలి జఠరమునకు రంధ్రము పడెను. సైనికవైద్యుడు విలియం బోమాంటు చికిత్సచే ఆతడు బ్రదికెను గాని రంధ్రము పూడలేదు. 1825లో బోమాంటు మాంసము, రొట్టె, క్యాబేజీ తునకలను పట్టుదారమునకు కట్టి ఆ రంధ్రముగుండ లోనికి దింపి, గంటకొకపరి పైకి తీసి, ఏది ఎంత కరగినదో వ్రాసికొనెను. కోపము వచ్చినప్పుడు రసస్రావము తగ్గుటయు ఆతని దృష్టిని తప్పిపోలేదు. రోగి చెప్పకయే స్వదేశమునకు వెడలిపోవుటచే పరిశోధన కొన్నేండ్లు ఆగినను, 1833లో వెలువడిన బోమాంటు గ్రంథము నేటికిని చదువదగిన నిష్కపటపరిశీలనము.

రసములూరుటకు ప్రేరణము నాడులనుండియే వచ్చునని సెయింట్ పీటర్సుబర్గులో ఇవాన్ పావ్లోవు ప్రతిపాదించెను. ఆతడు కుక్కల అన్నవాహికను మెడకడ ఖండించి అంచులను చర్మమునకు కుట్టగా, తిన్న మాంసము వెలుపలికి జారిపోవుచున్నను కొలది నిమిషములలో జఠరరసము స్రవింపసాగెను. జఠరమునకు పోవు వేగస్ నాడులను త్రెంచిన పిదప స్రవింపలేదు. ఈ నిశితప్రయోగములకు 1904లో ఆతనికి నోబెల్ బహుమానము లభించెను.

అంతకు రెండేండ్లు ముందే, 1902 జనవరి 16వ తేదీన, లండను యూనివర్సిటీ కళాశాలలో బేలిస్, స్టార్లింగు అనువారు మత్తుమందిచ్చిన కుక్కయొక్క చిన్నప్రేవులో ఒక భాగమునకు గల నాడులను త్రెంచి, అందు ఆమ్లము పోయగా క్లోమరసము యథాపూర్వముగ స్రవించెను. స్టార్లింగు వెంటనే ఆ ప్రేవు లోపొరను గీకి, ఇసుకతోను ఆమ్లముతోను నూరి, వడకట్టి సిరలోనికి ఎక్కింపగా స్రావము మునుపటికంటె అధికమయ్యెను. ఈ ద్రవ్యమునకు 'సెక్రెటిను' అనియు, రక్తముద్వారా ఆజ్ఞలు మోయు ఇట్టి పదార్థములకెల్ల 1905లో 'హార్మోను' అనియు పేరిడిరి. పావ్లోవు తన ప్రయోగశాలలో ఈ ప్రయోగమును చేయించి చూచి అంగీకరించెను. తన జీవితకాలపు సిద్ధాంతమునకు సవరణ నిట్లు స్వీకరించుట విద్వాంసులలో అరుదు.

జఠరమునకును అట్టి హార్మోను కలదని 1905లో ఎడ్కిన్సు చెప్పిన గాస్ట్రినును చిరకాలము పలువురు శంకించిరి. 1964లో లివర్‌పూలునందు గ్రెగరీ, ట్రేసీ అనువారు పందుల జఠరములనుండి దానిని శుద్ధముగ వేరుచేసిరి. పిత్తాశయమును సంకోచింపజేయు కోలెసిస్టోకైనినును 1928లోనే ఐవీ, ఓల్డ్‌బర్గు గుర్తించియుండిరి. ఇట్లు నాడులును హార్మోనులును కలిసి పనిచేయును: వాసన, రుచి, తలంపులచే నాడులు మొదట స్రావము నారంభించును. అన్నము జఠరముం జేరిన పిమ్మట గాస్ట్రిను దానిని పెంపొందించును. ఆమ్లమును క్రొవ్వును చిన్నప్రేవుం జేరినంతట క్లోమ పైత్యరసములు విడుదలయగుటయు జఠరస్రావము మందగించుటయు జరుగును.