మన రాజ్యాంగం: ఇచ్చిన వారెవరు? పుచ్చుకున్న వారెవరు?

మొన్న జనవరి 26న మా వీధి బడిలో జెండా ఎగరేసి పిల్లలకు మిఠాయిలు పంచుతుండగా, డిగ్రీ చదివే కుర్రవాడొకడు నా పక్కకు వచ్చాడు. "చాచా, ఏటేటా ఈ పండుగ చేస్తున్నాం గదా, ఇంతకూ ఈ రాజ్యాంగంలో మనకేమిచ్చారు?" అని అడిగాడు. అందులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఆ పూటకు నోటికి వచ్చిందేదో చెప్పి పంపాను గాని, ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే తృప్తి కలిగించలేదు. అసలు "మనకేమిచ్చారు" అన్న ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉందని తోచింది. అందువల్ల ఆ చరిత్రను మళ్లీ తిరగేసి, నాకు తెలిసినంత మేరకు పాఠక సోదర సోదరీమణుల ముందు పెడుతున్నాను.

సభ ఏర్పడిన తీరు

1946లో బ్రిటిష్ ప్రభుత్వం పంపిన కాబినెట్ మిషన్ పథకం ప్రకారం రాజ్యాంగ నిర్ణయ సభ ఏర్పడింది. మొత్తం స్థానాలు 389. అందులో బ్రిటిష్ ఇండియాకు 296, సంస్థానాలకు 93. సుమారు పది లక్షల జనాభాకు ఒక సభ్యుడు అన్నమాట. అయితే ఈ సభ్యులను ప్రజలు నేరుగా ఎన్నుకోలేదు. రాష్ట్రాల శాసనసభ్యులు ఎన్నుకున్నారు. అది కూడా ముస్లిం శాసనసభ్యులు ముస్లిం ప్రతినిధులను, సిక్కులు సిక్కులను, తక్కినవారు తక్కినవారిని విడివిడిగా ఎన్నుకున్నారు. ముస్లింలకు కేటాయించిన 78 స్థానాల్లో 73 ముస్లిం లీగుకు దక్కాయి. దేశంలో ప్రతి వయోజనుడికీ ఓటు ఇచ్చిన సభ తాను మాత్రం అటువంటి ఓటుతో పుట్టలేదు. మతాలవారీ ఎన్నికను రద్దు చేసిన సభ తాను అదే పద్ధతిలో పుట్టింది. చరిత్రలో ఇటువంటి చిత్రాలు జరుగుతుంటాయి.

1946 డిసెంబరు 9న సభ తొలిసారి సమావేశమైంది. లీగు సభ్యులు రాలేదు. 11న డాక్టర్ రాజేంద్రప్రసాద్ అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. 13న జవహర్‌లాల్ నెహ్రూ లక్ష్యాల తీర్మానం ప్రతిపాదించారు. అధికారమంతా ప్రజల నుంచే వస్తుందని, అందరికీ న్యాయం, సమానత్వం, స్వేచ్ఛ ఉంటాయని, అల్పసంఖ్యాకులకు, వెనుకబడిన వారికి, గిరిజన ప్రాంతాలకు తగిన రక్షణలు ఉంటాయని అందులో చెప్పారు. లీగు వారు వస్తారేమో చూద్దామని తీర్మానాన్ని కొన్నాళ్లు ఆపి, చివరకు 1947 జనవరి 22న ఆమోదించారు. నేటి పీఠికకు మూలం ఆ తీర్మానమే.

ఆ తరువాత దేశ విభజన వచ్చింది. సభలో 299 మంది మిగిలారు. ఈ దేశంలోనే ఉండిపోయిన లీగు సభ్యులు వచ్చి తమ స్థానాల్లో కూర్చున్నారు. వారి పరిస్థితిని ఒక్కసారి ఊహించండి. బయట ఊళ్లు తగలబడుతున్నాయి, రైళ్లలో శవాలు వస్తున్నాయి. మీరు ఎవరి పక్షం అని అడిగే కళ్ల మధ్య కూర్చుని, అధికరణాల మీద సవరణలు ప్రతిపాదించడం సామాన్యమైన ధైర్యం కాదు.

ఒకే బల్ల చుట్టూ

1947 ఆగస్టు 29న ముసాయిదా సంఘం నియమించబడింది. ముసాయిదా అన్న మాటే అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మన తెలుగు కచేరీలలోకి వచ్చింది. సంఘానికి అధ్యక్షులు డాక్టర్ అంబేద్కర్. సభ్యులలో నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. అస్సాం మాజీ ప్రధాని, ముస్లిం లీగు నాయకుడు సయ్యద్ మహమ్మద్ సాదుల్లా కూడా ఉన్నారు. సభలో మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఉన్నారు. మన రాజమండ్రి ఆడబిడ్డ దుర్గాబాయి ఉన్నారు. పదిహేనుమంది మహిళా సభ్యుల్లో ఒకే ఒక ముస్లిం మహిళ బేగం ఐజాజ్ రసూల్ ఉన్నారు. బెంగాల్ నుంచి నజీరుద్దీన్ అహ్మద్ అనే న్యాయవాది కామా దగ్గర నుంచి క్లాజు దాకా వరుసగా సవరణలు పెట్టి సభ్యులను విసిగించేవారు. ఆ ముసాయిదాకు మొత్తం 7,635 సవరణలు రాగా, సభలో 2,473 ప్రతిపాదించబడ్డాయి. ఎవరో రాసి తెచ్చిన కాగితం మీద తలలూపిన సభ కాదది.

సీట్ల సంగతి

మన పెద్దలు చాలామంది ఇప్పటికీ బాధపడే విషయం ఒకటుంది. 1909 చట్టంతో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు వచ్చాయి. ముస్లిం అభ్యర్థికి ముస్లింలే ఓటు వేయడం ఆ పద్ధతి. మద్రాసు రాష్ట్రంలో భాగమైన మన ఆంధ్ర జిల్లాల్లో కూడా అదే నడిచింది. 1947 ఆగస్టు చివరలో సర్దార్ పటేల్ అధ్యక్షతన ఉన్న సలహా సంఘం నివేదిక సభ ముందుకు వచ్చింది. ప్రత్యేక నియోజకవర్గాలు ఉండవు, ఉమ్మడి ఓటుతో జనాభాను బట్టి కొన్ని సీట్లు మాత్రం కేటాయిస్తాం అన్నది దాని సారాంశం. మలబారుకు చెందిన పోకర్ సాహెబ్ లేచి, ప్రత్యేక నియోజకవర్గాలు ఉంచాలని సవరణ పెట్టారు. ఓడిపోయారు.

1949 మేలో మరో అడుగు పడింది. మతం ప్రాతిపదికన సీట్ల కేటాయింపు కూడా వద్దని సలహా సంఘం తీర్మానించింది. మే 25, 26 తేదీలలో సభలో చర్చ జరిగింది. మద్రాసుకు చెందిన మహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ గట్టిగా ఎదిరించారు. మా ప్రతినిధిని మేమే ఎన్నుకోకపోతే మా మాట వినిపించే వారెవరన్నది ఆయన వాదం. బేగం ఐజాజ్ రసూల్ దీనికి పూర్తిగా విరుద్ధంగా మాట్లాడారు. విడిగా ఉంచే సీటు మనల్ని ఇరుగుపొరుగు నుంచి శాశ్వతంగా విడదీస్తుందని, అది మన చేతిలోనే మనను నరికే కత్తి వంటిదని ఆమె భావం. జడ్.హెచ్. లారీ మధ్యేమార్గంగా, సీట్లు వద్దు గాని చిన్న సమూహాల ఓట్లు వృథా కాని ఎన్నిక పద్ధతి కావాలన్నారు. చివరకు సీట్ల కేటాయింపు రద్దయింది.

ఎవరిది ఒప్పు? తేలికగా చెప్పలేం. 2024లో లోక్‌సభకు ఎన్నికైన 543 మందిలో ముస్లింలు 24 మంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు నూటికి 14 మందికి పైగా ఉన్నారు. ఇస్మాయిల్ సాహెబ్ భయం ఉత్తుత్తిది కాదని ఈ లెక్క చెబుతుంది. మరొక వైపు, మన ఓటు అడగడానికి ప్రతి పార్టీ అభ్యర్థీ మన గడప తొక్కవలసి వచ్చిందంటే అది ఉమ్మడి ఓటు వల్లనే. బేగం గారు చెప్పినదీ అబద్ధం కాలేదు. ఆనాడు ముస్లిం సభ్యులంతా ఒకే మాట మీద లేరని మాత్రం గుర్తుంచుకోవాలి. వారు తమలో తాము వాదించుకున్నారు, సభతోనూ వాదించారు.

ఓడిన మాట తిరిగి వచ్చింది

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచిన సంగతి ఇది. సభలో ఓడిపోయిన మాట చచ్చిపోదు.

1948 డిసెంబరులో అల్పసంఖ్యాకుల భాషా సంస్కృతుల అధికరణం చర్చకు వచ్చినప్పుడు, పిల్లలకు ప్రాథమిక విద్య వారి సొంత భాషలో, సొంత లిపిలో అందే హక్కు ఉండాలని లారీ సవరణ పెట్టారు. అది నెగ్గలేదు. తరువాత రాష్ట్రాల పునర్విభజన సంఘం వచ్చింది. దాని అధ్యక్షులు జస్టిస్ సయ్యద్ ఫజల్ అలీ. భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడితే ప్రతి రాష్ట్రంలోనూ వేరే భాషవారు కొందరు మిగులుతారు గదా, వారి పిల్లల గతేమిటి అని ఆ సంఘం ఆలోచించింది. ఫలితంగా 1956లో ఏడవ సవరణ ద్వారా 350-ఎ అధికరణం చేరింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించే ప్రయత్నం రాష్ట్రాలు చేయాలని అది చెబుతుంది. ఆ సవరణ అమలులోకి వచ్చిన 1956 నవంబరు 1వ తేదీనే ఆంధ్రప్రదేశ్ అవతరించింది. హైదరాబాదులో ఉర్దూ చదివే పిల్లవాడికి, మద్రాసులో తెలుగు చదివే పిల్లవాడికి ఆ అధికరణం ఒక్కటే.

అదే ఫజల్ అలీ 1950లో సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఎ.కె. గోపాలన్ కేసులో మెజారిటీతో విభేదించారు. మనిషి స్వేచ్ఛను తీసుకునే చట్టం న్యాయసమ్మతంగా ఉందా అని కోర్టు చూడాలన్నది ఆయన అభిప్రాయం. 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు ఆ దారికే వచ్చింది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు 1962లో ఖరక్‌సింగ్ కేసులో వ్యక్తి గోప్యత గురించి రాసిన భిన్నాభిప్రాయానిదీ అదే కథ. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పారు. వాదన సరైనదైతే అది కాగితం మీద కాచుకుని ఉంటుంది. కాకపోతే దాన్ని చదివి మళ్లీ ఎత్తుకునే మనిషి కావాలి.

సీటు పోయిన చోట ఏముంది?

ప్రాథమిక హక్కులు ఉన్నాయి. చట్టం ముందు అందరూ సమానులని 14వ అధికరణం, మతాన్ని బట్టి ప్రభుత్వం వివక్ష చూపరాదని 15, ప్రభుత్వ ఉద్యోగాలలో సమాన అవకాశమని 16 చెబుతాయి. 25వది మనస్సాక్షి స్వేచ్ఛ, మతాన్ని ఆచరించి ప్రచారం చేసుకునే హక్కు. మతం వల్ల గాని భాష వల్ల గాని అల్పసంఖ్యాకులైన వారు తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించి నడుపుకోవచ్చునని 30వది అంటుంది. ఇది ముస్లింల ఒక్కరి హక్కు కాదు. క్రైస్తవులదీ, తమిళనాడులో ఉన్న తెలుగువారిదీ కూడా. ఈ హక్కులకు భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టవచ్చునని 32వ అధికరణం చెబుతుంది. రాజ్యాంగానికి ఆత్మ ఇదేనని అంబేద్కర్ భావించారు.

వెనుకబాటుతనానికి మరో దారి ఉంది. మతాన్ని చూసి కాక, సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులను చూసి ప్రత్యేక వసతులు కల్పించవచ్చునని 1951 మొదటి సవరణతో వచ్చిన 15(4) చెబుతుంది. 2007లో ఆంధ్రప్రదేశ్ చట్టం ముస్లింలలోని కొన్ని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది ఈ ప్రాతిపదిక మీదనే. అది కోర్టుల్లో సవాలుకు గురైన సంగతి అందరికీ తెలిసిందే.

ఇక ప్రభుత్వం సంగతి. అమెరికా వలె అధ్యక్ష పద్ధతి కాక మంత్రివర్గం శాసనసభకు జవాబు చెప్పుకునే పద్ధతిని ఎందుకు ఎంచుకున్నారో 1948 నవంబరు 4న అంబేద్కర్ వివరించారు. ఆ పద్ధతిలో ప్రభుత్వం స్థిరంగా ఉంటుంది, ఈ పద్ధతిలో రోజూ లెక్క చెప్పుకుంటుంది. మనకు లెక్క చెప్పే ప్రభుత్వమే ముఖ్యమనుకున్నారు. అయితే లెక్క అడిగే వాడుంటేనే గదా చెప్పే వాడుండేది!

హైదరాబాదు సంస్థానం ప్రతినిధులు ఆ సభలో పాల్గొనలేదు. 1949 నవంబరు 23న నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ద్వారా ఆ రాజ్యాంగం హైదరాబాదుకూ వర్తిస్తుందని ప్రకటించారు. మూడు రోజులకు, నవంబరు 26న, సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది. 1950 జనవరి 26న అది అమలులోకి వచ్చింది. అప్పుడు 395 అధికరణాలు, 8 షెడ్యూళ్లు ఉండేవి. ఆ తరువాత 1951–52 ఎన్నికల్లో ఏలినవారి ఓటు, ఇంట్లో గిన్నెలు తోమే మనిషి ఓటు ఒకే విలువ గలవయ్యాయి. మతం, కులం, స్త్రీ పురుష భేదం చూపి ఎవరినీ ఓటర్ల జాబితా నుంచి తీసివేయరాదని 325వ అధికరణం శాసించింది. అయినా తొలి ఎన్నికల నాడు ఉత్తరాదిన లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని మాత్రమే రాయించారు. సుమారు 28 లక్షల పేర్లు జాబితాకెక్కలేదు. హక్కు కాగితం మీద ఉంది, పేరు లేదు.

కుర్రవాడికి నా జవాబు

మొన్న ఆ అబ్బాయి మళ్లీ కనబడ్డాడు. "బేటా, నీ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాను విను" అన్నాను. "ఇచ్చారు అనకు. ఆ సభలో మనవాళ్లూ కూర్చున్నారు. కొన్ని గెలిచారు, కొన్ని ఓడారు. గెలిచినవి నీ చేతిలో ఉన్నాయి. ఓడినవి పుస్తకంలో ఉన్నాయి, వెళ్లి చదువు. రాసినవారిలో మనమూ ఉన్నప్పుడు ఇచ్చేవాడెవడు, పుచ్చుకునేవాడెవడు?"

వాడు కాసేపు ఆలోచించి, "అయితే నేనిప్పుడేం చేయాలి చాచా?" అన్నాడు.

"ఓటర్ల జాబితాలో నీ పేరుందా?"

తల అడ్డంగా ఊపాడు. వాడికి ఇరవై ఏళ్లు. 1989 నుంచి పద్ధెనిమిది నిండితే చాలు. వాళ్లమ్మ పేరు కూడా ఇల్లు మారినప్పటి నుంచి ఏ జాబితాలోనూ లేదట. మరునాడు పొద్దున్నే ఇద్దరి ఫారాలూ నా దగ్గర కూర్చునే నింపాం. అమ్మ పేరు రాసే చోట వాడు ఒక్క క్షణం ఆగి, ఆమె పూర్తి పేరు అడిగి తెలుసుకుని వచ్చి రాశాడు.