ఆవ పట్టిన పులుపు

పెళ్లి విస్తట్లో ముద్దపప్పు పక్కన వడ్డించే దోసావకాయను మనం ఊరగాయల్లో చేర్చేశాం గానీ, అది ఊరే సరుకు కాదు. పొద్దున కలిపితే మధ్యాహ్నం పంక్తికి సిద్ధం. గట్టి దోసకాయను చేదు చూసి, గింజ తీసి, చిన్న ముక్కలు తరుగుతారు. అందులో పచ్చి ఆవపిండి, ఉప్పు, కారం, పప్పునూనె పడతాయి. మామిడికున్న పులుపు దోసకు లేదు కాబట్టి నిమ్మకాయ పిండుతారు. పొయ్యి వెలిగించే పనే లేదు. నూనె, పులుపు, ఆవ, ఉప్పు పచ్చిగా కలిసి పచ్చి ముక్కకు పట్టుకోవడమే ఆ వంటకం. కారం ఒక్కటి పక్కన పెడితే, ఫ్రాన్సులో ఆకుల సలాడ్ మీద వేసే వినెగ్రెట్ కూడా ఈ నాలుగింటి కలయికే.

అందుకే దివిసీమలోని మోపిదేవిలో ఎవరైనా ఇంట్లో సలాడ్‌కు డ్రెస్సింగ్ చేసుకోవాలనుకుంటే బజారుకెళ్లి సీసా కొనే అవసరం లేదని నా నమ్మకం. నాగుల చవితికి సుబ్బారాయుడికి నివేదించే చిమ్మిలిలోని నువ్వులే పప్పునూనెకూ ఆధారం. నిమ్మకాయలకు ఏటి అవతల తెనాలి మార్కెట్టు ఉండనే ఉంది. ఆవాలు లేని పోపులపెట్టె ఉండదు. ఈ సరుకులు ఒకచోట ఒక రకంగా, మరోచోట మరో రకంగా ఎలా జతపడ్డాయో చెప్పుకోదగ్గ కథ.

పడమటి దేశాల్లో ఈ జత చాలా పాతది. క్రీ.శ. 1వ శతాబ్దంలో వ్యవసాయం మీద పెద్ద గ్రంథం రాసిన రోమన్ రచయిత కొలుమెల్లా, ఆవాలను కడిగి, నూరి, తెల్లటి వెనిగర్ చేర్చి భోజనంలోకి ఎలా తయారుచేసుకోవాలో వివరంగా చెప్పాడు. 1390 ప్రాంతంలో ఇంగ్లండు రాజు రెండో రిచర్డు వంటవాళ్లు కూర్చిన 'ఫోర్మ్ ఆఫ్ క్యూరీ'లో సలాడ్ విధానం ఒకటి ఉంది. పుదీనా, పచ్చి వెల్లుల్లి, ఉల్లికాడలు, సోపు ఆకు లాంటివి కడిగి, చేత్తో తుంచి, పచ్చి నూనెతో బాగా కలిపి, ఆ తర్వాత వెనిగరూ ఉప్పూ వేయమంటుంది. ముందు నూనె, తర్వాత పులుపు. మన ఇళ్లలో కొందరు మామిడి ముక్కను ముందు నూనెలో ముంచి, తర్వాతే ఆవపిండీ కారమూ కలిపిన పొడిలో దొర్లిస్తారు. ఆ వరుసే ఇక్కడా కనిపిస్తుంది.

ఆవ ఈ జతలోకి కొలతలతో సహా వచ్చి కూర్చున్నది 1699లో. జాన్ ఈవ్లిన్ అనే ఆంగ్లేయుడు ఆ ఏడాది 'ఎసిటేరియా' అనే పుస్తకం వేశాడు. పుస్తకం సలాడ్ల గురించే. మంచి ఆలివ్ నూనె మూడు పాళ్లు, ఘాటైన వెనిగర్ గానీ నిమ్మరసం గానీ నారింజరసం గానీ ఒక పాలు, తగినంత ఆవ, ఉప్పు. మూడుకు ఒకటి అనే ఆ కొలత ఇవాళ్టికీ మారలేదు. వెనిగర్ లేకపోతే నిమ్మ చాలునని ఆయన మూడు వందల ఏళ్ల కిందటే ఒప్పుకున్నాడు. మనకు అంతకంటే ఏం కావాలి?

ఫ్రెంచి విప్లవం రోజుల్లో లండన్‌కు పారిపోయిన షెవాలియె ద'అల్బిన్యాక్ అనే పెద్దింటి ఫ్రెంచివాడు సలాడ్ కలిపే పనితోనే బతికాడు. ఒక భోజనశాలలో పక్క బల్ల దగ్గర కూర్చున్న యువకులు, ఫ్రెంచివాడివి కదా, మా సలాడ్ కాస్త కలిపిపెట్టమని అడిగారు. అక్కడినుంచి పేరు పాకి, ధనవంతుల ఇళ్లు తిరుగుతూ విందు విందుకీ సలాడ్ కలపడమే ఆయన వృత్తి అయింది. మహాగని పెట్టె నిండా రకరకాల నూనెలు, వాసన పట్టించిన వెనిగర్లు, గుడ్డు సొనలు పట్టుకుని బండిలో వెళ్లేవాడట. 80 వేల ఫ్రాంకులకు పైగా కూడబెట్టుకుని స్వదేశానికి తిరిగి వెళ్లాడని 1825లో వెలువడిన తన పుస్తకంలో ఫ్రెంచి రచయిత బ్రియా సవారె రాశాడు.

ఈ ఫ్రెంచివాళ్లు దివిసీమకు కొత్తవాళ్లేం కాదు. మోపిదేవికి 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని బందరు గోల్కొండ సుల్తానుల పెద్ద రేవు. 1605లో వలందులు అనే డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫరాసులు అనే ఫ్రెంచివాళ్లు అక్కడ వర్తకానికి కుదురుకున్నారు. 1750లో రేవు ఫరాసుల చేతికి వచ్చింది. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషువాళ్ల కర్నల్ ఫోర్డు రాత్రి దాడి చేసి కోట పట్టుకునేదాకా అక్కడ వాళ్లదే పెత్తనం. కోట పోయినా ఊళ్లో చిన్న స్థావరం వాళ్ల పేరనే మిగిలి, 1947 అక్టోబరులో గానీ మన దేశానికి దక్కలేదు. పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం పేర్లు బందరులో నేటికీ ఉన్నాయి.

అన్ని జాతుల వాళ్లు అన్ని తరాలు మసిలినా వెనిగర్ మాత్రం మన వంటింటి గడప దాటలేదు. వెనిగర్ చేయడానికి ఇక్కడ సరుకు లేక కాదు. దివిసీమ గట్ల మీద తాటిచెట్లకు కొదవ లేదు. తెల్లారి దించిన కల్లు సాయంత్రానికి పులుస్తుంది, అలాగే వదిలేస్తే వెనిగర్ అవుతుంది. సారాలోని మత్తును గాలి తగిలినచోట సూక్ష్మజీవులు పులుపుగా మారుస్తాయని 1860లలో లూయీ పాశ్చర్ రుజువు చేశాడు. గోవాలో పోర్చుగీసువాళ్లు కల్లు వెనిగర్‌తోనే విందాలూ వండుకున్నారు. మనకా అక్కర పడలేదు. వేసవిలో మామిడి, చలికాలంలో ఉసిరి, చింతకాయ, ఏడాది పొడుగునా చింతపండు, గోంగూర, నిమ్మ, దబ్బ. చెట్టు మీదే ఇంత పులుపు కాస్తుంటే పులియబెట్టి పులుపు పుట్టించడమెందుకు? ద్రాక్ష తప్ప మరో పులుపు పెద్దగా లేని దేశం ద్రాక్షసారాను పులియబెట్టుకుంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని దొరల ఇళ్లకోసం 1878లో 'క్యులినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్' రాసిన కెన్నీ హెర్బర్ట్ సలాడ్లకు ఒక అధ్యాయమే కేటాయించాడు. కృష్ణా జిల్లా కూడా అప్పుడు ఆ ప్రెసిడెన్సీదే. అయినా ఆ విద్య దొరల బంగళాల్లోనే ఆగింది.

పులుపు సంగతి అలా ఉంటే, ఆవ దగ్గర రెండు దేశాలూ ఒక్కచోటికి వచ్చాయి. ఫ్రాన్సులో ఆవముద్దకు దిజోన్ పట్టణం పేరు. 1856లో అక్కడి జాన్ నెజోన్ ఆవముద్దలో వెనిగర్ మానేసి పచ్చి ద్రాక్షల రసం పోశాడు. పండని కాయ పులుపుతో ఆవ కలపడమన్నమాట. పచ్చిమామిడితో మనం చేసేది కూడా అదే పని. ఇవాళ దిజోన్ ఆవకు ఎక్కువగా వాడే గింజ మన పోపులపెట్టెలోని జాతిదే. దాన్ని వాళ్లు చాలావరకు కెనడా నుంచి తెప్పించుకుంటారు. 2021లో కెనడాలో కరువొచ్చి పంట పోతే, మరుసటి ఏడాది ఫ్రాన్సు దుకాణాల్లో ఆవ సీసాలు దొరకలేదు.

ఆవ చేసే పని రెండు రకాలు. ఒకటి ఘాటు. ఎండు గింజను నోట్లో వేసుకుంటే ముక్కుకెక్కదు. నూరి తడి తగిలించాక లోపలి ఎంజైము కదిలి ఘాటు నూనె పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, పుట్టిన ఘాటు ఆవిరైపోతుంది. కంద బచ్చలి కూరకు ఆవ పెట్టేవాళ్లు చింతపండు పులుసుతో కూర ఉడికించి, దించి, చల్లారాకే నూరిన ఆవ కలుపుతారు. ఏ ప్రయోగశాలా చెప్పకముందే వంటింట్లో తెలిసిన రసాయనమది. పులుపు తగిలితే ఎంజైము నెమ్మదిస్తుంది, పుట్టిన ఘాటు మాత్రం నిలబడుతుంది. కొత్తావకాయ కలిపిన నాడే కాకుండా మూడో నాడు తిరగకలిపి రుచి చూడటంలో ఈ నెమ్మదితనానికీ పాలుంది.

రెండోది జిగురు. నూనె, పులుసు ఎంత గిలకొట్టినా కాసేపటికి విడిపోతాయి. ఆవగింజ పొట్టులోని జిగురు, పిండిలోని సన్నటి రేణువులు నూనె బొట్ల చుట్టూ చేరి అవి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా అడ్డుపడతాయి. ఇలా గట్టి రేణువులు నూనె బొట్లను నిలబెట్టే తీరును 1903లో రామ్స్‌డెన్, 1907లో పికరింగ్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. వినెగ్రెట్‌లో ఆవ రుచికోసమే కాదు, ఆ కలయిక చిక్కగా నిలబడటానికి కూడా.

ఫ్రెంచివాళ్లకీ మనకీ తేడా వచ్చేది ఇక్కడే. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలాలి. తేలకపోతే ఇల్లాలు కంగారుపడుతుంది, మరికాస్త పోస్తుంది. పైన పరుచుకున్న ఆ నూనె గాలి తగలనివ్వదు, ముక్క ఏడాది నిలుస్తుంది. సలాడ్ కలిపేవాడికి కావాల్సింది దానికి పూర్తిగా ఎదురు. నూనె విడిపోతే ఆకు అడుగున పులుసు మడుగు కడుతుంది, పైన జిడ్డు మిగులుతుంది. అరగంట కలిసి ఉంటే వాడికి చాలు. అవే సరుకుల్ని విడిపోనిచ్చి ఏడాది దాచుకోవడం మనం నేర్చాం, విడిపోకుండా పూటకోసం పట్టి ఉంచడం వాళ్లు నేర్చారు. దోసావకాయ మాత్రం మన వైపు పుట్టి వాళ్ల తోవ నడిచింది. ఉప్పు తగిలిన దోసముక్క వదిలిన ఊట, నిమ్మరసం, నూనె, ఆవపిండి కలిసి చిక్కటి గుజ్జవుతాయి. ముక్క అయిపోయాక ఆ గుజ్జును అన్నంలో కలుపుకోని వాళ్లను నేను చూడలేదు. దాన్ని ఊరగాయ అని తక్కువ చేయకుండా మన సలాడ్ అని గర్వంగా చెప్పుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక ఇంట్లో కలుపుకునే పద్ధతి. ఎండలో పెట్టిన ఆవాలు అప్పటికప్పుడు కొట్టిన పిండి ఒక చెంచా తీసుకుని, రెండు చెంచాల చన్నీళ్లు పోసి పది నిమిషాలు ఆగాలి. వేడినీళ్లు వద్దు, ముందే పులుపూ వద్దు, ఘాటు పుట్టనివ్వాలి. తర్వాత రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, అర చెంచా ఉప్పు, శనగగింజంత బెల్లం వేసి పూర్తిగా కరిగించాలి. ఉప్పు నూనెలో కరగదు కాబట్టి ఈ వరుస తప్పకూడదు. చివర గానుగ పప్పునూనె ఆరు పెద్ద చెంచాలు సన్నటి ధారగా పోస్తూ చిన్న కవ్వంతో చిలకాలి. కవ్వం లేకపోతే మూతున్న గాజుసీసాలో పోసి గట్టిగా ఊపినా సరిపోతుంది. కవ్వంతో చిలికేటప్పుడు నూనె ఒక్కసారే గుమ్మరిస్తే మాత్రం పట్టదు. పప్పునూనె వాసన బలమైంది, మొదటిసారి చేసేవాళ్లు సగం వేరుశనగ నూనె కలుపుకోవచ్చు.

ఉల్లి, టమాటా, కీరాకు ఇది బాగుంటుంది గానీ, ఉడికించిన కంద ముక్కల మీదా నానిన పెసరపప్పు మీదా ఇంకా బాగుంటుంది. దివిసీమలో వరి తర్వాత పండే పెసరనే నానబెట్టి, కొబ్బరీ పచ్చిమామిడి కోరూ చేర్చి దీంతో కలిపితే శ్రీరామనవమి వడపప్పుకు ఆవ తోడైనట్టు ఉంటుంది. మామిడి కోరు వేస్తే నిమ్మరసం సగానికి తగ్గించాలి. ఉప్పు తగిలిన కాసేపటికి పప్పూ కోరూ నీరు వదిలి గుజ్జును పలచన చేస్తాయి, అందుకని అందరూ కూర్చుని విస్తళ్లు వేశాకే కలపాలి.